అడ్రస్ బార్‌లో చెయ్యి పెట్టండి: వెబ్ చిరునామాను చదవడం, దిద్దుకోవడం

నెల్లూరు జిల్లా అధికారిక సైటులో ఉద్యోగ ప్రకటన పడిందని వాట్సాప్‌లో లింకు వస్తుంది. నొక్కితే "పేజీ దొరకలేదు" అంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, లేదంటే పంపినవాళ్లకు ఫోన్ చేసి "ఇంకో లింకు ఉంటే పెట్టు" అంటారు. అదే లింకును అడ్రస్ బార్‌లో తెరిచి కుడి చివర ఒక ముక్క చెరిపితే సరైన పేజీ రావడం చాలాసార్లు జరిగే పనే. అదే లింకు ఎడమ భాగాన్ని ఒక్క క్షణం నిదానంగా చదివితే, అది జిల్లా సైటో, ఆ పేరు పెట్టుకున్న దొంగ సైటో కూడా తేలిపోతుంది. ఈ రెండు పనులూ నేర్చుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే చాలు.

ముందుగా ఒక మాట. ఇక్కడ అడ్రసులను తెలుగు లిపిలోనే రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. చుక్కలు, గీతలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

ఒంటి స్లాష్ ఎక్కడుందో చూడండి

ఈ అడ్రసు చూడండి:

హెచ్‌టీటీపీఎస్://ఎస్‌పీఎస్‌నెల్లూర్.ఏపీ.గవ్.ఇన్/నోటీస్_క్యాటగిరీ/రిక్రూట్‌మెంట్/

మొదట ఒక జంట స్లాష్ ఉంది. దానికి ముందున్నది ఎలా వెళ్లాలో చెబుతుంది. హెచ్‌టీటీపీఎస్ అంటే మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య మాటలు తాళం వేసిన సంచిలో పోతాయి. చివర ఎస్ లేకపోతే సంచికి తాళం ఉండదు. జంట స్లాష్ తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ అసలైన కీలు. తలుపు ఆ కీలు మీదే తిరుగుతుంది. దానికి ఎడమన ఉన్నది ఇల్లు, కుడిన ఉన్నది ఆ ఇంట్లో గది.

ఈ రెండు వైపులూ ఎదురెదురు దిక్కుల్లో చదవాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. మనం ఉత్తరం మీద రాసే చిరునామా డోర్ నంబరు, పొగతోట, నెల్లూరు, ఆంధ్రప్రదేశ్ అని చిన్నదాని నుంచి పెద్దదానికి పోతుంది. కీలుకు ఎడమన కూడా అంతే. కుడి చివరన ఉన్న 'ఇన్' భారతదేశం, 'గవ్' ప్రభుత్వం, 'ఏపీ' రాష్ట్రం, అన్నిటికన్నా ముందున్న 'ఎస్‌పీఎస్‌నెల్లూర్' జిల్లా. (2008లో జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరుగా మారింది. మొదట్లో ఉన్న ఎస్, పీ, ఎస్ ఆ పేరు పొట్టి రూపమే. వాటిని వదిలేసి ఒట్టి నెల్లూర్ అని కొడితే జిల్లా సైటు వస్తుందనుకోవద్దు.) కీలు దాటాక వరస తిరగబడుతుంది. ఇక్కడి నుంచి పెద్దదాని నుంచి చిన్నదానికి పోతుంది: నోటీసులు, వాటిలో నియామకాలు, వాటిలో ఫలానా ప్రకటన.

అందుకని కుడి చివర నుంచి ఎంత కోసినా మీరు అదే ఇంట్లో ఉంటారు, మహా అయితే గది దొరకదు. ఎడమన ఒక్క చుక్క మారినా వేరేవాళ్ల గుమ్మం ముందు నిలబడతారు. ఇక చెప్పేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

అడ్రసును పట్టుకోవడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ వాడుతుంటే పైన అడ్రసు మీద ఒకసారి నొక్కండి. కింద పేజీ పేరు, పక్కన పెన్సిల్ బొమ్మ వస్తాయి. పెన్సిల్ నొక్కితే అడ్రసు మొత్తం దిద్దడానికి వీలుగా వస్తుంది. సన్నటి అక్షరాల మధ్య కర్సర్‌ను వేలితో పెట్టడం కష్టం. దానికి బదులు కీబోర్డులో స్పేస్ బార్ మీద వేలు ఆనించి ఎడమకో కుడికో జరపండి, కర్సర్ ఒక్కో అక్షరం చొప్పున కదులుతుంది. గూగుల్ కీబోర్డైన జీబోర్డులో ఇది పనిచేస్తుంది. ఐఫోన్‌లో స్పేస్ బార్‌ను కాసేపు నొక్కిపట్టి ఉంచాక జరపాలి.

కంప్యూటర్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే అడ్రసు మొత్తం ఎంపికవుతుంది. కుడి బాణం కొడితే కర్సర్ చివరకు పోతుంది. కంట్రోల్ పట్టుకుని ఎడమ బాణం కొడితే ఒక్కో అక్షరం కాకుండా ఒక్కో ముక్క దాటుతుంది. క్రోమ్ మామూలుగా అడ్రసులో మొదటి భాగాన్ని దాచి చూపిస్తుంది. అడ్రస్ బార్ మీద కుడి క్లిక్ చేసి, పూర్తి అడ్రసు ఎప్పుడూ చూపించమనే ఎంపికను ఒకసారి టిక్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఇంటర్నెట్ సెంటర్లలో పనిచేసేవాళ్లు మొదటిరోజే చేసుకోవాల్సిన మార్పు ఇది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లోపల తెరుచుకునే పేజీలో అడ్రసును దిద్దే వీలుండదు. మూడు చుక్కల మెనూలోంచి బయటి బ్రౌజర్‌లో తెరిచి అప్పుడు మొదలుపెట్టండి.

కుడి నుంచి కోయడం

పేజీ దొరకలేదని వస్తే ముందు లింకు తోకను చూడండి. వాట్సాప్‌లో వాక్యం చివర పెట్టిన ఫుల్‌స్టాప్, కామా, మూసే బ్రాకెట్ లింకుకు అంటుకుని వస్తుంటాయి. వాటిని తీసేసి ఎంటర్ కొట్టండి. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసిన లింకులో జబ్బు వేరు. అక్కడ లైను మారిన చోట అడ్రసు తెగుతుంది, రెండో సగం కాపీ కాదు, లేదా మధ్యలో ఖాళీ చొరబడుతుంది. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చడం తప్ప దీనికి అడ్డదారి లేదు. వర్డ్ డాక్యుమెంట్‌లో ఇంకో రకం: మామూలు హైఫన్‌ను అదే పొడుగు గీతగా మార్చేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. అనుమానం వస్తే గీతను చెరిపి చేత్తో మళ్లీ కొట్టండి.

తోక బాగానే ఉన్నా పేజీ రాకపోతే కోత మొదలుపెట్టండి. చివరి స్లాష్ వరకు చెరిపి ఎంటర్. అప్పటికీ రాకపోతే ఇంకో స్లాష్ వరకు. పైన చెప్పిన అడ్రసులో 'రిక్రూట్‌మెంట్/' దాకా ఉంచితే నియామకాల జాబితా వస్తుంది. దాన్నీ కోసి 'నోటీస్_క్యాటగిరీ/' దగ్గర ఆపితే మళ్లీ 'దొరకలేదు' రావచ్చు. ప్రతి మెట్టుకూ ఒక పేజీ ఉండి తీరాలన్న నియమం లేదు. కొన్ని మెట్లు వర్గం పేరు చెప్పడానికే ఉంటాయి. అక్కడ నిరాశపడకుండా ఇంకో మెట్టు కోసి ముఖద్వారం నుంచి మెనూ పట్టుకుని రండి.

జిల్లా సైట్లలో తెలుగు పేజీలకు కీలు పక్కనే 'టీఈ/' అని ఉంటుంది. ప్రకాశం.ఏపీ.గవ్.ఇన్ తర్వాత స్లాష్ పెట్టి టీ, ఈ అక్షరాలు కొడితే తెలుగు ముఖద్వారం. ఆ రెండక్షరాలు తీసేస్తే ఇంగ్లీషు. కొన్ని ప్రకటనలు ఒక భాషలోనే పెడుతుంటారు, కాబట్టి ఒకదానిలో లేనిది రెండోదానిలో వెతకడం మంచి అలవాటు.

జిల్లా సైటులో పీడీఎఫ్ నొక్కితే అడ్రసు ఒక్కసారిగా సీడీఎన్.ఎస్3వాస్.గవ్.ఇన్ అని మారిపోయి, వెనక పొడవాటి అంకెలు, అక్షరాలు వస్తాయి. కంగారు పడనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ ఎన్‌ఐసీ నడిపే ప్రభుత్వ సైట్ల సేవ అది, జిల్లాల ఫైళ్లు అక్కడ దాస్తారు. చివర గవ్.ఇన్ ఉంది చూడండి, అదే భరోసా. ఆ అడ్రసులో 'అప్‌లోడ్స్/2023/05/' వంటి ముక్క కనబడుతుంది. ఫైలు ఏ సంవత్సరం ఏ నెలలో ఎక్కించారో అది చెబుతుంది. "నిన్న వచ్చిన ప్రకటన" అని తిరుగుతున్న పీడీఎఫ్ నిజంగా నిన్నటిదో, మూడేళ్ల కిందటిదో తేల్చడానికి ఆ ఆరు అంకెలు చాలు.

ఎడమ భాగాన్ని మీరే మార్చాల్సిన సందర్భం కూడా ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు చీరాల ప్రకాశం నుంచి బాపట్లకు, సూళ్లూరుపేట, శ్రీహరికోట నెల్లూరు నుంచి తిరుపతికి వెళ్లాయి. వాటి గురించి పాత లింకు పనిచేయకపోతే, అడ్రసు మొదట్లో ఉన్న ప్రకాశం తీసి బాపట్ల అనో, ఎస్‌పీఎస్‌నెల్లూర్ తీసి తిరుపతి అనో పెట్టి, ఏపీ.గవ్.ఇన్ అలాగే ఉంచండి. గదులన్నీ అదే పేర్లతో ఉండకపోవచ్చు కానీ ఇల్లు దొరుకుతుంది.

తెర మీద వచ్చే మాట ఏం చెబుతోంది

404 వస్తే ఇల్లు దొరికింది, గది దొరకలేదు. తప్పు కీలుకు కుడివైపే ఉంది. అక్కడ పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా కూడా చూసుకోండి. ఎడమన ఆ తేడా లెక్కలోకి రాదు, కుడిన చాలా సైట్లలో వస్తుంది. "ఈ సైటును చేరుకోలేకపోతున్నాం" అని, దాని కింద సర్వర్ అడ్రసు కనబడలేదని వస్తే తప్పు ఎడమవైపు. చుక్క బదులు కామా పడిందేమో, చుక్క పక్కన కీబోర్డు తనంతట తానే ఖాళీ చేర్చిందేమో చూడండి. రెండూ బాగుంటే మొదట్లో మూడు డబ్ల్యూలు ఉంటే తీసి, లేకపోతే చేర్చి ప్రయత్నించండి. కొన్ని సైట్లు రెంటిలో ఒకదానికే పలుకుతాయి.

403 అంటే గది ఉంది, మీకు అనుమతి లేదు. 500, 502, 503 వంటివి వస్తే మీ టైపింగ్‌లో తప్పు వెతుక్కోవద్దు, అవతలి సర్వర్ మొరాయిస్తోంది. ఫలితాలు విడుదలైన రోజున వచ్చేవి ఎక్కువగా ఇవే. పది నిమిషాలు ఆగి రిఫ్రెష్ చేయడం తప్ప అడ్రసులో చేయగలిగింది లేదు.

సర్టిఫికెట్ (సైటు చూపించే గుర్తింపు పత్రం) సరిగ్గా లేదన్న ఎర్ర హెచ్చరిక ఒక్క సైటులోనే వస్తే తప్పు ఆ సైటుది. డబ్బు, ఆధార్, పాస్‌వర్డ్ అడిగే చోటైతే ముందుకు పోవద్దు. అన్ని సైట్లలోనూ వస్తుంటే ఫోన్‌లో తేదీ, సమయం చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పాత ఫోన్లు ఎప్పటిదో తేదీతో లేస్తాయి. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది కాబట్టి తేదీ తప్పితే అన్నీ చెల్లనివిగానే కనబడతాయి.

ప్రశ్నార్థకం తర్వాత

కుడివైపున ప్రశ్నార్థకం ఒకటి వచ్చిందంటే అక్కడి నుంచి గది పేరు ముగిసి, ఆ గదికి మీరిచ్చే సూచనలు మొదలవుతాయి. ఒక్కో సూచన 'పేరు=విలువ' రూపంలో ఉంటుంది. మొదటి సూచనకు ముందు ప్రశ్నార్థకం, రెండోదాని నుంచి & గుర్తు. ఇది తప్పితే సూచన పనిచేయదు, అయినా తప్పు జరిగినట్టు తెర మీద ఏమీ కనబడదు. అందుకే ఇది గుర్తుపెట్టుకోవాలి.

యూట్యూబ్‌తో చూద్దాం. షేర్ నొక్కితే వచ్చే లింకు యూటూ.బీఈ/ తర్వాత 11 అక్షరాల గుర్తు, ఆపైన ?ఎస్‌ఐ= అని ఒక పొడవాటి తోకతో ఉంటుంది. ఆ 11 అక్షరాలే వీడియో. పెద్ద, చిన్న అక్షరాలు అక్కడ వేరువేరు. ఎస్‌ఐ తోక లింకును ఎవరు పంచారో పసిగట్టడానికి ఉన్నది, ప్రశ్నార్థకంతో సహా చెరిపేయవచ్చు. ఇప్పుడు వీడియో 12 నిమిషాల 34 సెకన్ల దగ్గర మొదలవ్వాలనుకోండి. 12ను 60తో హెచ్చించి 34 కలిపితే 754. ఎస్‌ఐ తోక తీసేశారు కాబట్టి ?టీ=754 అని రాయాలి. తోక ఉంచేస్తే &టీ=754. పొడుగు రూపంలో, అంటే వాచ్?వీ= ఉన్న అడ్రసులో, ప్రశ్నార్థకం ముందే అయిపోయింది కాబట్టి ఎప్పుడూ & మాత్రమే. గంట పాఠంలో ఒక లెక్క చూపించాలనుకునే ట్యూషన్ మాస్టారుకు ఇది రోజూ పనికొస్తుంది. నిలువు షార్ట్స్ వీడియో నచ్చిన చోటుకు జరుపుకుని చూడాలంటే 'షార్ట్స్/' అన్న మాట తీసి 'వాచ్?వీ=' పెట్టండి. మామూలు ప్లేయర్‌లో తెరుచుకుంటుంది.

యూటీఎం_ అని మొదలయ్యే సూచనలు, ఎఫ్‌బీసీఎల్‌ఐడీ, జీసీఎల్‌ఐడీ, ఇన్‌స్టాగ్రామ్ వాడే ఐజీఎస్‌హెచ్, ఇవన్నీ మీరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టడానికే. చెరిపితే పేజీకి ఏమీ కాదు, లింకు సగానికి సగం పొట్టిదవుతుంది. 'ఐడీ=', 'పేజ్=', 'క్యూ=' వంటివి మాత్రం పేజీకి ప్రాణం. ఏది ఏదో తెలియకపోతే చివరి నుంచి ఒక్కోటి తీసి ఎంటర్ కొట్టి చూడండి. పేజీ మారిపోయిందంటే ఆ ఒక్కటి వెనక్కి పెట్టండి.

గూగుల్ వెతుకులాటలో అడ్రసు చివర &హెచ్‌ఎల్=టీఈ చేర్చితే పేజీ తెలుగులో కనబడుతుంది. &యూడీఎం=14 చేర్చితే అదనపు హంగులు పోయి ఒట్టి వెబ్ లింకులు మిగులుతాయి. మీకు కావలసిన పేజీ అడ్రసు ఊహించి ఊహించి విసిగిపోతే, వెతికే పెట్టెలోనే సైట్:ప్రకాశం.ఏపీ.గవ్.ఇన్ అని రాసి పక్కన మాట రాయండి. ఆ ఒక్క సైటులోనే వెతుకుతుంది. కోలన్‌కు రెండు పక్కలా ఖాళీ ఉండకూడదు.

గూగుల్ డాక్స్ లింకు చివర 'ఎడిట్' అని ఉంటుంది. దాన్ని తీసి 'కాపీ' అని ఇంగ్లీషులో రాసి పంపితే, తెరిచినవాళ్లకు సొంత నకలు చేసుకోమని అడుగుతుంది, మీ అసలు కాగితం చెక్కుచెదరదు. 'ఎక్స్‌పోర్ట్?ఫార్మాట్=పీడీఎఫ్' అని రాస్తే నేరుగా పీడీఎఫ్ దిగుతుంది. రెండింటికీ ముందు ఆ డాక్యుమెంటును చూసే అనుమతి ఇచ్చి ఉండాలి.

మ్యాప్స్‌లో గూగుల్.కామ్/మ్యాప్స్?క్యూ= తర్వాత 14.4426,79.9865 అని కొడితే పిన్ను నెల్లూరులో పడుతుంది. 15.5057,80.0499 కొడితే ఒంగోలులో. మొదట అక్షాంశం, తర్వాత రేఖాంశం. తారుమారు చేస్తే నెల్లూరు పిన్ను ఉత్తర ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్ దీవుల వైపు పోతుంది. చుక్క తర్వాత నాలుగో అంకె ఒకటి మారితే నేల మీద దాదాపు 11 మీటర్లు. బోరు వేసిన చోటో, రొయ్యల చెరువు గట్టో చూపించాలంటే ఐదు అంకెలు ఇవ్వండి, ఊరు చూపించడానికి రెండు చాలు.

చేపల పులుసు ఆర్డర్లు తీసుకునే హోటలైనా, చీమకుర్తిలో గ్రానైట్ అమ్మేవాళ్లైనా నంబరు సేవ్ చేయించకుండా వాట్సాప్ తెరిపించవచ్చు: డబ్ల్యూఏ.ఎంఈ/91 తర్వాత వెంటనే పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీ, హైఫన్ ఏవీ ఉండకూడదు. పనిచేయని లింకుల్లో ముందు చూడాల్సింది ఈ నాలుగే. దాని వెనక ?టెక్స్ట్= పెట్టి ముందే రాసిన సందేశం చేర్చవచ్చు. మాటల మధ్య ఖాళీకి బదులు %20 రాయాలి.

హ్యాష్ గుర్తు (#) వేరే జాతి. దాని తర్వాతిది సర్వర్‌కు పోనే పోదు. పేజీలో ఎక్కడ ఆగాలో బ్రౌజర్‌కు మాత్రమే చెబుతుంది. దీనితో కంప్యూటర్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది: వందల పేజీల పీడీఎఫ్ అడ్రసు చివర #పేజ్=47 అని చేర్చితే నేరుగా 47వ పేజీ తెరుచుకుంటుంది. ఇది ఫైలులో 47వ పేజీ, కాగితం కింద అచ్చేసిన నంబరు కాదు. ముందు అట్టా, విషయసూచిక ఉంటే ఆ తేడా కలుపుకోండి. ఫోన్‌లో పీడీఎఫ్ తరచు డౌన్‌లోడ్ అయిపోతుంది కాబట్టి అక్కడ దీని మీద ఆధారపడకండి.

తెలుగు ఎందుకు శాతం గుర్తులవుతుంది

తెలుగు వికీపీడియాలో నెల్లూరు పేజీ అడ్రసు కాపీ చేసి పంపితే చివర %ఈ0%బీ0%ఏ8 అంటూ గజిబిజి వస్తుంది. లింకు పాడు కాలేదు. అడ్రసు ప్రమాణంలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటుంది. మిగతా ప్రతిదీ బైట్లుగా విడగొట్టి ఒక్కో బైటును శాతం గుర్తు, రెండు అక్షరాలతో రాస్తారు. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు. 'నెల్లూరు' అన్న మాటలో కంప్యూటర్ లెక్కన ఎనిమిది ముక్కలు: న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, కొమ్ము. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, మొత్తం 72. 'ఒంగోలు' ఆరు ముక్కలే, 54తో సరిపోతుంది.

ఒక ఆనవాలు గుర్తుంచుకుంటే గజిబిజి కూడా చదవవచ్చు. తెలుగు ముక్కలన్నీ %ఈ0%బీ0 తోనో %ఈ0%బీ1 తోనో మొదలవుతాయి. హిందీ అయితే ఈ0 తర్వాత ఏ4 లేదా ఏ5, తమిళమైతే ఏఈ లేదా ఏఎఫ్. లింకు తెరవకుండానే ఏ భాష పేజీయో తెలుస్తుంది.

ఇలాంటి పొడుగు లింకు మధ్యలో తెగితే చివర సగం శాతం ముక్క మిగులుతుంది, కొన్ని సైట్లు 400 అని తిప్పికొడతాయి. శాతం గుర్తుతో మొదలై మూడు గుర్తులు నిండని ముక్కను చెరిపేయండి. అంతకన్నా సులువు, స్లాష్ తర్వాత గజిబిజి అంతా తీసేసి తెలుగు మాటనే టైపు చేయడం. బ్రౌజర్ మార్చుకుంటుంది. మాటల మధ్య ఖాళీకి వికీపీడియా అండర్‌స్కోర్ వాడుతుంది.

ఎడమవైపు జరిగే మోసం

దొంగ లింకులన్నీ మన చదివే అలవాటు మీదే బతుకుతాయి. ఎడమ నుంచి చదివి, తెలిసిన పేరు కనబడగానే ఆగిపోతాం. అందుకే వాళ్లు తెలిసిన పేరును ముందు పెడతారు:

హెచ్‌టీటీపీఎస్://ఎస్‌పీఎస్‌నెల్లూర్.ఏపీ.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్/అప్లై

కీలు ఎక్కడ? 'అప్లై'కి ముందున్న ఒంటి స్లాష్. అక్కడి నుంచి ఎడమకు చదవండి: కామ్, ఎగ్జాంపుల్. అక్కడే యజమాని తేలిపోయాడు. దానికి ముందున్న గవ్.ఇన్ అంతా ఆ యజమాని తన గోడ మీద రాసుకున్న బోర్డు. (ఎగ్జాంపుల్.కామ్ ఇలాంటి ఉదాహరణల కోసమే కేటాయించిన పేరు.) ఫోన్ తెర వెడల్పు చాలక చివరి భాగం కనబడకపోతే అడ్రసు మీద నొక్కి కీలు దాకా జరిపి చూడండి.

ఏపీ-గవ్.ఇన్ అన్నది ఇంకో ఎత్తు. చుక్కకూ హైఫన్‌కూ మధ్య తేడా ఇక్కడ భూమికీ ఆకాశానికీ ఉన్నంత. చుక్క అయితే గవ్.ఇన్ కింద ప్రభుత్వం ఇచ్చిన పేరు. హైఫన్ అయితే ఎవరైనా కొనుక్కోగల ఒట్టి .ఇన్ పేరు. గవ్.ఇన్, ఎన్‌ఐసీ.ఇన్ బయటివాళ్లకు అమ్మరు. బ్యాంకులకు కూడా ఇప్పుడు అలాంటి కంచె ఉంది. 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులు తమ సైట్లను .బ్యాంక్.ఇన్ కిందకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీ బ్యాంకు పేరుతో వచ్చిన లింకులో కీలుకు ఎడమన చివరి రెండు ముక్కలు బ్యాంక్, ఇన్ కాకపోతే అందులో లాగిన్ కావద్దు. బ్యాంకు యాప్‌లోంచే పని చేసుకోండి.

కీలుకు ఎడమన @ గుర్తు కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, మూసేయండి. బ్రౌజర్ ఆ గుర్తుకు ముందున్నదంతా పక్కన పెట్టి, తర్వాతి పేరున్న సైటుకే పోతుంది. కీలుకు కుడివైపు @ ఉంటే మాత్రం భయం లేదు. గూగుల్ మ్యాప్స్, యూట్యూబ్ ఛానెళ్ల అడ్రసుల్లో అది మామూలే.

ఎక్స్‌ఎన్-- అని మొదలయ్యే పేరు కనబడితే అది ఇంగ్లీషు కాని లిపిలో రాసిన డొమైన్, అంటే సైటు పేరు. తెలుగులో .భారత్ పేర్లు కూడా లోపల ఇలాగే ఉంటాయి కాబట్టి చూడగానే దొంగ అనలేం. కానీ పేరున్న ఇంగ్లీషు బ్రాండ్ అలా కనబడితే, వేరే లిపిలోని పోలిక అక్షరంతో చేసిన నకిలీ అని అర్థం.

తాళం గుర్తును నమ్మి మోసపోతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. సంచికి తాళం ఉందంటే దారిలో ఎవరూ చూడలేరనే, సంచి అందుకునేవాడు మంచివాడని కాదు. దొంగ సైటు కూడా హెచ్‌టీటీపీఎస్ ఉచితంగా తెచ్చుకోగలదు. ఈ అపార్థం పోగొట్టడానికే క్రోమ్ 2023లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ట్రాఫిక్ చలానా, రైతు పథకం, పెళ్లి పత్రిక, ఏ పేరుతో వచ్చినా సరే, అడ్రసు చివర .ఏపీకే అని ఉంటే అది పేజీ కాదు, ఫోన్‌లో ఎక్కే యాప్. నొక్కవద్దు. పొట్టి లింకులు అసలు ఇంటిని దాచేస్తాయి. బిట్.ఎల్‌వై లింకైతే చివర ప్లస్ గుర్తు చేర్చి తెరవండి, అది ఎక్కడికి పోతుందో ముందు చూపిస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మార్చకూడని అంకెలు

పేజ్=2ను 3 చేస్తే తర్వాతి పేజీ. ఇందులో తప్పేమీ లేదు. కానీ మీ హాల్‌టికెట్, బిల్లు, దరఖాస్తు ఉన్న అడ్రసులో నంబరు మార్చితే ఇంకొకరి కాగితం తెరుచుకునే సైట్లు ఉన్నాయి. అది ఆ సైటు కట్టినవాళ్ల లోపమే, అయినా తలుపు తెరిచి ఉందని ఇంట్లోకి పోకూడదు. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడటం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పొరపాటున కనబడితే మూసేసి, స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకుండా, సైటు నడిపేవారికి తెలియజేయండి.

అదే కారణంతో మీ లింకులను కూడా చూసి పంపండి. అడ్రసులో టోకెన్=, సెషన్ వంటి మాటలు, వెనక పొడవాటి అక్షరాలు ఉంటే అది మీ గది తాళంచెవి కావచ్చు. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. ఇంకోవైపు, ఫారం నింపి బటన్ నొక్కాక వచ్చే ఫలితం పేజీ అడ్రసును పంపితే చాలాసార్లు అవతలివాళ్లకు ఖాళీ ఫారమే వస్తుంది. మీరు నింపిన వివరాలు అడ్రసులో లేవు, తెర వెనకగా వెళ్లాయి. భూమి రికార్డుల వంటి పోర్టళ్లలో ఇదే జరుగుతుంది. అలాంటి చోట లింకు కాదు, పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి.

పోయిన పేజీ కావాలంటే

పేజీని సైటులోంచే తీసేస్తే ఎంత కోసినా రాదు. అప్పుడు మొత్తం అడ్రసును అలాగే ఉంచి, దాని ముందు వెబ్.ఆర్కైవ్.ఓఆర్‌జీ/వెబ్/2021/ అని చేర్చండి. ఆ సంవత్సరానికి దగ్గరగా దాచిన నకలు ఉంటే అదే తెరుచుకుంటుంది. సంవత్సరం బదులు నక్షత్రం గుర్తు పెడితే ఏయే తేదీల్లో దాచారో క్యాలెండర్ వస్తుంది. 2022లో జిల్లాల విభజనకు ముందు ప్రకాశం జిల్లా మండలాల జాబితా చూడాలంటే 2021 వేసి ప్రకాశం.ఏపీ.గవ్.ఇన్ అడ్రసు పెట్టండి. ఏమీ రాకపోతే లోపలి పేజీ కాకుండా ముఖద్వారం అడ్రసుతో మళ్లీ ప్రయత్నించి, ఆ పాత పేజీలోని మెనూ నొక్కుకుంటూ లోపలికి వెళ్లండి. బొమ్మలు, పీడీఎఫ్‌లు కొన్ని తెరుచుకోవు, వాటిని అప్పుడు దాచి ఉండరు. అక్షరాల్లో ఉన్న సమాచారం మాత్రం చాలావరకు దొరుకుతుంది.